అది కాయ కాదు సార్

విశాఖపట్నం,
11 ఆగస్టు 2024.

మామయ్యకి నమస్కారాలు.

మీ చెవి మిషను గుయ్యిమంటోందని, ఫోనెత్తి రెండుసార్లు "ఆఁ? ఆఁ?" అని పెట్టేస్తున్నారని ఇందిరత్తయ్య చెప్పింది. అందుకే హాస్టల్లో ఉన్నప్పటిలా ఉత్తరం రాస్తున్నాను. ఎర్రసిరా పెన్ను దగ్గర పెట్టుకునే చదవండి. డిగ్రీ మూడేళ్ళూ నా ఉత్తరాలన్నీ తప్పులు దిద్ది తిరిగి నాకే పంపారు. పదికి పది వేసిన పాపాన పోలేదు.

పద్దెనిమిది రోజులు సర్వే ఓడ మీద ఉండి మొన్ననే ఒడ్డుకొచ్చాను. ఈసారి ఆరొందల మీటర్ల లోతున వల లాగాం. అది పైనుండే చేపల లోకమూ కాదు, మరీ పాతాళమూ కాదు. నడిమి నీళ్ళు. ఎండ పొడ సోకదు, చలి. ఆ అడుగున బురద మీద బతికే టేకు చేప ఒకటి దొరికింది. టేకులు మీకు తెలుసు కదా, చేటలా పల్చగా, పొడుగు తోకతో ఉంటాయి. ఇది వాటికి దూరపు చుట్టం, స్కేట్ అంటాం. బూడిద రంగు ఒళ్ళు, వీపు మీద ముళ్ళు. ముక్కు ఎంత పల్చన అంటే వెనక లైటు పెడితే నా వేళ్ళు అవతల కనిపించాయి. దీనికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదని మా అనుమానం. నిజమని తేలితే ఆ పేరు పెట్టే పని మాదే.

తొట్టెలో వేసిన కాసేపటికి అది గుడ్డు పెట్టింది. గుడ్డంటే కోడిగుడ్డులా కాదు. నల్లటి తోలు సంచి, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. అరచేతిలో పెట్టుకోగానే మన బడి గుర్తొచ్చింది మామయ్యా.

మన ఈపూరు హైస్కూలు ల్యాబులో, గాజు బీరువా రెండో అరలో, "సముద్రతీరపు తేలుకొండికాయ" అని మీరు చీటీ అంటించిన నల్లటిది ఉండేదే, అది ఇంకా ఉందా? ఉంటే నాకు కావాలి. అంత పాతది మా సంస్థలో కూడా లేదు.

కింద ఒక వాక్యం కొట్టేశాను. కొట్టేసినా మీరు వెలుగుకు పట్టి చదువుతారని తెలుసు.

మీ
నీరజ


ఈపూరు,
27 ఆగస్టు 2024.

నీరజకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో తప్పులు నాలుగు. మార్కులు ఆరు. కొట్టేసిన వాక్యానికి మార్కుల్లేవు.

నువ్వడిగిన వస్తువు లేదు. బడికి కొత్త గదులు కట్టేటప్పుడు పాత బీరువాలు తుక్కు కింద పోయినయ్యి. అందులో సరుకంతా ఎలకల పాలైంది. నేను రిటైరై పదహారేళ్ళు. ఇప్పుడు పోయి ఆ గాజు బీరువా ఏదని అడిగితే ముసలాయనకి మతి పోయిందంటారు. దాని సంగతి వదిలెయ్.

ఇక్కడ వానలు ఎగ్గొట్టినయ్యి. మిరప నారు పోసినోళ్ళంతా మొగులు వంక చూస్తన్నారు. మీ అత్తకి మోకాళ్ళ నొప్పి. అయినా సంతకి పోవటం మానదు.

నీ చేప గురించి ఇంకా రాయి. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా. ఆ సంచిలో పిల్ల ఎన్నాళ్ళుంటది? బయటికి రాకముందే చచ్చి ఎండిపోతే, ఆ తోక చుట్టుకున్నది చుట్టుకున్నట్టే ఉంటదా? ఎన్నేళ్ళైనా?

మామయ్య,
పున్నారావు


విశాఖపట్నం,
15 సెప్టెంబరు 2024.

మామయ్యా,

అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. లోతు నీళ్ళ చలిలో పిల్ల నిదానంగా పెరుగుతుంది. చాలా జాతుల్లో ఏడాది పైనే పడుతుంది. కొన్నిటికి మూడు నాలుగేళ్ళు. అన్నాళ్ళూ ఆ తోలు సంచిలో మడుచుకుని పడుకుని, కొమ్ముల సందుల్లోంచి వచ్చే నీళ్ళతోనే బతుకుతుంది. ఎండిపోతే, అవును, తోక చుట్టుకున్నట్టే ఉంటుంది. ఎన్నేళ్ళైనా.

అయితే లోపల పిల్ల తోక చుట్టుకుని ఉంటుందని నేను మీకు రాయలేదు. ఎలా తెలుసు మామయ్యా?

మీరు చెప్పకపోయినా నేను చెప్పాల్సింది ఒకటుంది. నేను కొట్టేసిన వాక్యం "కోటేశ్వరి గుర్తుందా?" అని. మీరెందుకు మర్చిపోతారు. అయినా నా వైపు నుంచి ఎలా జరిగిందో ఒకసారి రాయనివ్వండి. నోటితో చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చేశాను.

తొంభై ఆరు డిసెంబరు. గుంటూరు నుంచి ఇన్‌స్పెక్షనుకి ఆఫీసరుగారు వచ్చిన రోజు. పదో తరగతి. మీరు బీరువాలోంచి ఆ నల్లదాన్ని తీసి, మన పొలం గట్ల మీద దొరికే తేలుకొండికాయకి ఇది సముద్రపు చుట్టమని, గొర్రెల బొచ్చుకి అది తగులుకున్నట్టు ఇది నాచుకి తగులుకుని పోయి మొలుస్తుందని చెబుతున్నారు. ఆఫీసరుగారు తలాడిస్తున్నారు. అప్పుడు వెనక బెంచీలోంచి కోటేశ్వరి లేచింది. సూర్యలంక నుంచి మిరప కోతలకొచ్చి మన ఊళ్ళో నిలిచిపోయిన వాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న విశాఖ పెద్ద బోట్లలో లోతు నీళ్ళకి పోయి వచ్చినవాడు.

"అది కాయ కాదు సార్. టేకు చేప గుడ్డు. మా నాయన వల్లో పడేవి" అంది.

ఆఫీసరుగారు నవ్వి "ఏం మాస్టారూ, కాయా, గుడ్డా తేల్చండి" అన్నారు. మీ మొహం కందిపోయింది. మీరు దాన్ని తీసుకెళ్ళి కోటేశ్వరి ముక్కుకి ఆనించి "వాసన చూడవే. చేప వాసనొస్తోందా? కంపు నీ దగ్గరొస్తంది, దీని దగ్గర కాదు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆఫీసరుగారూ నవ్వారు.

కోటేశ్వరి ఏడవలేదు. "లోపల పిల్ల గూడా ఉంది సార్. పొద్దున చూశాం. నీరజ చూసింది" అంది.

మీరు నా వైపు తిరిగి "ఏమ్మా, చూశావా?" అన్నారు.

"లేదు సార్" అన్నాను.

చూశాను మామయ్యా. ప్రార్థనకి ముందు, కిటికీ దగ్గర, కోటేశ్వరి పిన్నీసుతో ఒక కొమ్ము దగ్గర సందు చేసి నా కంటికి ఆనించింది. పొగాకు కాడ చుట్టుకున్నట్టు ఒక తోక. రెండు చిన్న రెక్కలు. బాగా చూశాను. మీరు మా మామయ్య కాబట్టి నేను అబద్ధమాడలేదు. నలభై మంది నవ్వుతున్నారు, ఆ నవ్వు నా మీదికి తిరుగుతుందని ఆడాను. అంతే.

ఆ రోజు నుంచి పిల్లలు కోటేశ్వరిని "కంపు కోటి" అన్నారు. పదకొండు రోజులు వచ్చింది. నేను లెక్కపెట్టాను. తర్వాత రాలేదు. పబ్లిక్ పరీక్షకి నా వెనక బల్ల ఖాళీ.

ఇప్పుడు నన్ను మీటింగులకి పిలిచి, "మేడమ్, మీకు ఈ చేపల మీద ఆసక్తి ఎలా కలిగింది?" అని అడిగితే, "చిన్నప్పుడు మా స్కూలు ల్యాబులో" అని మొదలుపెట్టి అక్కడితో ఆపేస్తాను. చప్పట్లు కొడతారు. సిగ్గుతో చచ్చిపోతుంటాను.

నీరజ


ఈపూరు,
6 అక్టోబరు 2024.

నీరజా,

తప్పులు దిద్దలేదు. పెన్ను పట్టుకుని కూర్చుంటే ఎవరి తప్పు దిద్దాలో తెలియలా.

ఎలకలు తిన్నాయన్నది అబద్ధం. అది నా దగ్గరుంది. అల్మారాలో, పాత జామెట్రీ పెట్టెలో. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. మీ అత్త కూడా చూడలేదు.

నువ్వు "లేదు సార్" అన్నప్పుడు ఎడమ చెవి పట్టుకున్నావు. పసిపిల్లప్పటి నుంచీ నువ్వు అబద్ధమాడితే చెయ్యి ఆ చెవి మీదికే పోతది. అది నేనెరుగుదును. నువ్వు ఆడింది అబద్ధమని తెలిసీ నా గుండె కుదుటపడింది చూడు, నా బతుకులో అంతకంటే చెడ్డ నిమిషం లేదు. మేనమామని, మాస్టారుని, పద్నాలుగేళ్ళ పిల్ల అబద్ధాన్ని అడ్డం పెట్టుకుని నిలబడ్డా.

ఆ చెవి సంగతే నన్ను ఉండనివ్వలా. బడి వదిలాక ల్యాబు తలుపేసుకుని బ్లేడుతో సంచి అంచు కోశా. నువ్వు రాసినట్టే ఉంది. తోక చుట్టుకుని, కళ్ళు రెండు చుక్కల్లాగా. కాయలో కళ్ళుంటాయటే? ఆఫీసరు అప్పటికింకా హెడ్మాస్టరు గదిలో టీ తాగుతున్నాడు. నడిమి వరండా పదిహేను అడుగులు. పోయి, "అయ్యా, ఆ పిల్ల చెప్పిందే నిజం" అంటే అయిపోయేది. తెల్లారి క్లాసులో చెప్పినా అయిపోయేది. ఆ పిల్ల వచ్చిన పదకొండు రోజుల్లో ఏ రోజు చెప్పినా అయిపోయేది. ఆ సంచిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, దాని చోట మామూలు తేలుకొండికాయ ఇంకొకటి పెట్టా. ఎవరూ కనిపెట్టలా. కనిపెట్టే పిల్ల బడికి రావటం మానేసింది.

తెలియక తప్పు చెప్పటం వేరు. అది గుంటూరు నుంచి ఎగ్జిబిషను పెట్టెలో గవ్వల మధ్య పేరు లేకుండా వచ్చింది. పల్నాటోణ్ణి, గట్ల మీద చూసినదాన్ని బట్టి చెప్పా. దానికి నేను సిగ్గుపడను. వాసన చూడమన్నదానికి, ఆ సాయంత్రం తర్వాత నోరు మూసుకున్నదానికి సిగ్గుపడతా.

ఇంకొకటి వినవే. కోటేశ్వరి నరసరావుపేటలో ఉంటది. వారం వారం మన సంతకొచ్చి ఎండుచేపలు అమ్ముతది. నేను ఆ వరస వైపు పోను. బస్టాండుకి పోవాలంటే చుట్టూ తిరిగి పోతా. మీ అత్త మాత్రం దాని దగ్గరే కొంటది. ఇంటికొచ్చి "మాస్టారింటికని ఎప్పుడూ గుప్పెడు ఎక్కువేస్తది, చానా మంచిది" అని మెచ్చుకుంటది. ఆ నెత్తళ్ళ పులుసు నాకు ముద్ద దిగదు. పళ్ళు బాగాలేదంటా.

మామయ్య


విశాఖపట్నం,
20 అక్టోబరు 2024.

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట కోపమొచ్చింది. మీకు తెలుసని ఒక్క ముక్క ఆరోజే నాతో అని ఉంటే ఇన్నేళ్ళు ఒక్కదాన్నే మోసేదాన్నా అని. తర్వాత, మనం ఇద్దరం ఒకే ఇంట్లో పండగలకి కూర్చుని ఆ మాట ఎత్తకుండా పప్పు బాగుందనుకున్నామని గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏడుపొచ్చే నవ్వు.

నేనొకటి అనుకున్నాను. చేప కొత్త జాతేనని దాదాపు ఖాయమైంది. దానికి కోటేశ్వరి పేరు పెట్టిస్తాను. దాని మీద నాతో పనిచేస్తున్న మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. లోకంలో ఆ చేప గురించి ఎవరు రాసినా, ఎప్పుడు రాసినా తన పేరు రాయాల్సిందే. కంపు కోటి అన్న నోళ్ళన్నీ మూతపడతాయి. ఎలా ఉంది?

నీరజ


ఈపూరు,
18 నవంబరు 2024.

నీరజా,

ఎలా ఉంది అని అడిగావు గనక చెబుతున్నా. బాగాలేదు. పేరు పెట్టటం చానా తేలికే. ఆ పిల్లకి నేను ఒకసారి పేరు పెట్టా, చాలదా? మళ్ళీ దాన్ని అడక్కుండా ఇంకో పేరు పెట్టేది నువ్వా? ఓడల మీద తిరిగే దానివి, సంతలో నాలుగడుగులు వెయ్యలేవా?

ఈ మాట రాసి, ముందు నా సంగతేందని నన్ను నేనే అడుక్కున్నా. ఉత్తరం పక్కన పెట్టి, సంత రోజు జామెట్రీ పెట్టె చేతిలో పట్టుకుని పోయా.

కోటేశ్వరి గొడుగు కింద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడింది. బడిలో లేచినట్టే. "ఏం కావాల మాస్టారూ, నెత్తళ్ళా, సావిడాయలా? అమ్మగారు రాలేదేం?" అంది. నేను పెట్టె తెరిచి ఆవిడ ముందు పెట్టా.

"ఇది కాయ కాదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది" అన్నా.

దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నవ్వింది. "నాకు తెల్సు గదా మాస్టారూ. మీకు తెలీటానికే ఇన్నేళ్ళు పట్టింది. పోన్లెండి, తెలీక అన్నదానికేంది. నేనెప్పుడో వదిలేశా" అంది.

అక్కడితో ఆగి ఇంటికి రావొచ్చు. క్షమించేసింది. నా నాలుక అక్కడికే ఆగమంది కూడా. కానీ అది కూడా ఇంకో అబద్ధమే గదా.

"తెలిసింది ఇప్పుడు కాదమ్మా. ఆ సాయంత్రమే కోసి చూశా" అన్నా.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కోసిన అంచు వెంట వేలు పోనిచ్చింది. "తెలిసి గూడానా?" అంది. ఒక్క మాట. "తర్వాత పదకొండు దినాలొచ్చాను మాస్టారూ" అంది. ఆవిడా లెక్కపెట్టింది. "పరీక్ష ఫీజు గూడా కట్టాడు మా నాయన" అంది.

తర్వాత కూర్చుంది. "లెగండి మాస్టారూ. బేరాలొచ్చే యాళ" అంది. నేను నిలబడే ఉన్నా, లెగండంటది. పెట్టె నాకు తిరిగి ఇవ్వలా. నేనూ అడగలా.

నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది. "మాస్టారూ, నీరజ బాగుందా? అదొస్తే నేనడిగానని చెప్పండి. పాపం, ఆరోజు దాని పేరు ఊరికే ఇరికిచ్చా. ఆ కిటికీ కాడ మబ్బుగా ఉంది, దానికేం కనపడి ఉండదు. కనపడితే చెప్పేది గాదూ, నా ముందు బెంచీలోనే కూర్చునేది. నలుగురిలో దాన్ని అబద్ధాలకోరును చేశానే అని చానాళ్ళు బాధపడ్డా" అంది.

నీరజా, నేను నోరు మెదపలేదు. నా తప్పు నేను చెప్పుకున్నా. నీది నేను చెప్పకూడదు. ఆవిడ ఇన్నేళ్ళుగా నీ విషయంలో సిగ్గుపడుతోంది. అంతవరకే నీకు రాయగలను. ఉత్తరం గిత్తరం రాయబోకు. రా.

మామయ్య


విశాఖపట్నం,
9 డిసెంబరు 2024.

మామయ్యా,

మీకు చెప్పకుండా వచ్చి, మీ ఇంటికి రాకుండానే వెళ్ళిపోయాను. అత్తయ్యకి కోపమొస్తుంది, సర్దిచెప్పండి. మీ ఇంటికొస్తే కాఫీ తాగి, అత్తయ్యతో కబుర్లు చెప్పి, రేపు పోదాంలే అనుకునేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

సంతలో గొడుగు కిందికి వెళ్ళి నిలబడ్డాను. కోటేశ్వరి గుర్తుపట్టలేదు. "ఏం కావాలమ్మా?" అంది. "నేను నీరజని" అన్నాను. ఒక్క ఉదుటున లేచి, చేతులు చీరకి తుడుచుకుని, తాకబోయి ఆగిపోయింది. "కంపొస్తయ్యి" అంది, చేతులు వెనక్కి తీసుకుంటూ. అది విన్నాక ఇంక ఒక్క క్షణం ఆగలేకపోయాను.

"చూశాను కోటేశ్వరీ. ఆరోజు కిటికీ దగ్గర బాగా కనపడింది. సార్ అడిగితే అబద్ధమాడాను" అన్నాను. రెండు చేతులూ కిందికే ఉన్నాయి మామయ్యా. చెవి మీదికి పోలేదు.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. తను మెల్లగా కూర్చుంది. పక్కన చెక్క మీద గుడ్డు సంచి పెట్టుకుని ఉంది. దాని వంక చూస్తూ "ఏం చూశావో చెప్పు" అంది.

చెప్పాను. తోక చుట్టుకుని ఉంది, రెండు రెక్కలు మడిచి ఉన్నాయి, కళ్ళు చుక్కల్లా ఉన్నాయి.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"గట్టిగా చెప్పు. ఆ చివర కూర్చున్నోళ్ళకి వినపడాల" అంది. చుట్టూ చూశాను. సంత నిండా జనం. మిరపకాయల బస్తా మోస్తున్నాయన ఆగి చూస్తున్నాడు. మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. నలుగురూ నవ్వుతారని ఏ ఊళ్ళో అబద్ధమాడానో, అదే ఊళ్ళో నిలబడి అరిచాను. "అది కాయ కాదు. టేకు చేప గుడ్డు. లోపల పిల్ల ఉంది. కోటేశ్వరి చెప్పింది నిజం. నేను చూశాను."

ఎవరూ నవ్వలేదు. పక్కన ఉప్పు చేపలామె "ఏందమ్మా, ఏమైంది?" అంది. కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు క్లాసులో ఏడవని ఏడుపు. నేను పక్కన కూర్చోబోతే చెయ్యడ్డం పెట్టింది. కాబట్టి నిలబడే ఉన్నాను.

తర్వాత మొహం తుడుచుకుంది. మాకు దొరికిన కొత్త టేకు చేప గురించి చెప్పి, దానికి తన పేరు పెట్టనా అని అడిగాను. "నా పేరెందుకు? అది ఆ లోతులో చీకట్లో దాని మానాన అది బతుకుతా ఉంది. నా గొడవ దానికెందుకు?" అంది. గుడ్డు సంచి మా సంస్థకి ఇస్తావా అని కూడా అడిగాను, సిగ్గులేకుండా. ఇవ్వనంది. ఎవరైనా ఏందది అని అడిగితే చెప్పటానికి తన దగ్గరే ఉండాలట. అడిగేవాళ్ళు రోజుకి ఇద్దరు ముగ్గురు ఉన్నారట.

మీ కోసం అరకిలో నెత్తళ్ళు అడిగాను. మాస్టారింటికని చెప్పాను. తక్కెడ సరిచూసింది. ముల్లు నడిమి దాటగానే రెండు చేపలు వెనక్కి తీసి, పొట్లం కట్టి నా చేతికిచ్చింది.

సరిగ్గా అరకిలో మామయ్యా. గుప్పెడు ఎక్కువ వెయ్యలేదు.

ఆ పొట్లం మీ వీధి చివర అంకారావు కిరాణా కొట్లో ఇచ్చి వచ్చాను. పులుసు పెట్టించుకోండి. ఈసారి పళ్ళు బాగాలేదనకుండా తినండి.

నీరజ